ఇక్విటోస్‌లో కాపురం పెట్టాలనుకునేవారికి

సంపాదకులకు నమస్కారములు.

పెరూ దేశంలోని ఇక్విటోస్ పట్టణం గురించి మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. రోడ్డు వెళ్ళని ఊరనీ, చుట్టూ అమెజాన్ అడవి తప్ప మరొకటి కనిపించదనీ, ఖర్చు తక్కువ కాబట్టి ఇంటినుంచి ఉద్యోగం చేసుకునే మన యువతీయువకులు ఆరునెలలో ఏడాదో అక్కడ 'నాగరికతకు దూరంగా' గడిపి రావచ్చనీ అందులో రాశారు. చేపపిల్లల హేచరీలో ఉద్యోగం మీద వెళ్ళి ఆ ఊళ్ళో కొన్నేళ్ళు కాపురమున్న విశాఖ మనిషిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. వ్యాసకర్త వర్ణించిన సూర్యాస్తమయాలు నేనూ చూశాను. వాటి అందం గురించి నాకు పేచీ లేదు. ఆ ఊరివాళ్ళు ఎలా బతుకుతున్నారో ఒక్క ముక్కా చెప్పకుండా, బయటినుంచి వచ్చినవాళ్ళు ఎంత హాయిగా ఉండవచ్చో మాత్రమే చెప్పడం మీదనే నా అభ్యంతరం. ఇక్విటోస్‌లో విదేశీయుల బతుకు ఆసాంతం నది మీద, ఇరుగుపొరుగు మీద ఆధారపడి సాగుతుంది. ఆ సంగతి తెలియకుండా మూటాముల్లే సర్దుకుని వెళ్ళినవాళ్ళు తామూ ఇబ్బంది పడతారు, ఊరికీ బరువవుతారు. ఉత్తరం కాస్త పెద్దదయినా మన్నించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ముందుగా 'నాగరికతకు దూరం' అన్న మాట. ఇక్విటోస్ లొరేటో ప్రాంతానికి రాజధాని. ఆ ప్రాంతం విస్తీర్ణంలో మన ఆంధ్రప్రదేశ్‌కు రెండింతల పైచిలుకు. పట్టణ జనాభా సుమారు నాలుగు లక్షలు. 1961లో స్థాపించిన జాతీయ విశ్వవిద్యాలయం, అమెజాన్ చేపల మీదా చెట్ల మీదా పనిచేసే పరిశోధన సంస్థ, నౌకాదళ స్థావరం, ఓడలు కట్టే యార్డు, రాత్రీపగలూ రొద పెట్టే మూడు చక్రాల బండ్లు, బడులు, కోర్టులు, బ్యాంకులు అన్నీ ఉన్న నగరం అది. అట్లాంటిక్ సముద్రం నుంచి నదీమార్గాన సుమారు 3,600 కిలోమీటర్లు లోపలికి ఉన్నా, సముద్రంలో తిరిగే ఓడలు అక్కడిదాకా రాగలవు. అయినా ఊరి ఎత్తు సముద్రమట్టానికి వంద మీటర్లు దాటి ఎంతో ఉండదు. రేవు పక్కన పుట్టి పెరిగిన మన విశాఖవాసులకు ఈ ఒక్క సంగతి చాలు, ఆ నది ఎంతటిదో ఊహించుకోవడానికి. అరకు అంటే మంచూ థింసా నృత్యమూ తప్ప మరేమీ లేనట్టు బయటివాళ్ళు రాసినప్పుడు మనకు మనసు చివుక్కుమంటుంది కదా. ఇక్విటోస్‌వాళ్ళకూ అలాగే ఉంటుంది.

ఆ ఊరి చరిత్రలో మనవాళ్ళకూ సంబంధమున్న అధ్యాయం ఒకటి ఉంది, దాన్ని వ్యాసకర్త పూర్తిగా వదిలేశారు. 1880 ప్రాంతాల నుంచి 1912 దాకా అడవి రబ్బరు వ్యాపారంతో ఇక్విటోస్‌లో డబ్బు వరదలా పారింది. ఐరోపా నుంచి పలకలు తెప్పించి బిగించిన ఇనుప మేడా, రంగురంగుల పింగాణీ పలకలు తాపడం చేసిన భవనాలూ ఆనాటివే. మీరు వేసిన ఫొటోల్లో అవే ఉన్నాయి. ఆ సొమ్ము ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. హులియో సెసార్ అరానా అనే ఇక్విటోస్ వ్యాపారి కంపెనీ పుటుమాయో నదీప్రాంతంలో ఉయితోతో, బోరా మొదలైన ఆదివాసుల చేత కొరడా దెబ్బలతో రబ్బరు తీయించింది, వేలాదిమంది చనిపోయారు. బ్రిటిష్ అధికారి రోజర్ కేస్‌మెంట్ 1910లో వెళ్ళి విచారించి రాసిన నివేదికను 1912లో ప్రచురించాక లోకానికి ఆ ఘోరం తెలిసింది. ఈలోగా 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుంచి లండన్‌లోని క్యూ అనే వృక్షశాస్త్ర తోటకు చేరవేసిన రబ్బరు గింజల సంతతి సిలోన్‌లోనూ మలయాలోనూ తోటలై ఎదిగింది. వరసలుగా నాటిన తోటల రబ్బరు చవకగా రావడంతో ఇక్విటోస్ వ్యాపారం కుప్పకూలింది. ఆ మలయా తోటల్లో పాలు గీయడానికి వెళ్ళిన కూలీలలో మన విశాఖ, గోదావరి జిల్లాల పల్లెలనుంచి ఓడెక్కిన తెలుగువాళ్ళూ ఉన్నారు. రెండు ఖండాల్లో ఇద్దరు పేదవాళ్ళు ఒకే చెట్టుకు కట్టుబడ్డ చరిత్ర ఇది. మనం ఆ ఊళ్ళో అడుగుపెట్టేది ఏ సంబంధమూ లేని పరాయి చోట కాదని నాకు అక్కడున్నంత కాలమూ అనిపించేది.

ఇక రోడ్డు లేకపోవడమంటే ఏమిటో చెబుతాను. మరాన్యోన్, ఉకయాలి నదులు కలిసి అమెజాన్ అయ్యే చోటికి దగ్గర్లో ఉన్న నౌతా అనే చిన్న పట్టణం దాకా సుమారు వంద కిలోమీటర్ల రోడ్డు ఉంది. అక్కడితో సరి. దేశంలోని మిగతా ఏ ఊరికి వెళ్ళాలన్నా లాంచీ ఎక్కాలి, లేదా విమానం ఎక్కాలి. విమానంలో దేశ రాజధాని లిమా రెండు గంటలలోపే. లాంచీలో ఎగువనున్న రేవు పట్టణాల్లో యూరిమాగువాస్ అయితే మూడు రోజుల పైన, పుకాల్పా అయితే ఇంకా ఎక్కువ. మూడంతస్తుల ఇనుప లాంచీలో ఎవరి గుడ్డ ఉయ్యాల వాళ్ళు తెచ్చుకుని, పైకప్పు దూలాలకు కట్టుకుని, పక్కవాడి మోచెయ్యి తగులుతుండగా పడుకోవాలి. కింది అంతస్తులో అరటిగెలలు, కోళ్ళు, సిమెంటు బస్తాలు, గ్యాసు సిలిండర్లు ఉంటాయి. రాత్రిపూట నదిలో కొట్టుకొచ్చే పెద్దపెద్ద దుంగలు తగలకుండా సరంగు లైటు వేసి ఒడ్డునూ నీటినీ వెతుక్కుంటూ నడుపుతాడు. నీళ్ళు తగ్గిన నెలల్లో ఇసుక మేటల మీద లాంచీ కూరుకుపోతే ప్రయాణం ఎన్ని రోజులవుతుందో ఎవరూ చెప్పలేరు.

ఖర్చు తక్కువ అన్న మాట సగమే నిజం. అరటికాయ, కర్రపెండలం, అడవి పండ్లు, నదిలో చేప దొరికిన రోజుల్లో చేప చవక. ఉల్లిపాయ, బంగాళాదుంప, వెల్లుల్లి, పాలు, మందులు, యంత్రాల విడిభాగాలు తీరం నుంచో కొండల నుంచో రావాలి కాబట్టి రవాణా ఖర్చంతా వాటి ధరలో కలిసి ఉంటుంది. ఆ నగరానికి దేశ విద్యుత్ గ్రిడ్‌తో కలయిక లేదు. చమురు మండించి అక్కడికక్కడే కరెంటు తయారు చేసుకుంటారు. ఇంటర్నెట్ చాలాకాలం ఉపగ్రహం మీదనే నడిచింది. మన గడియారానికీ వాళ్ళ గడియారానికీ పదిన్నర గంటల తేడా. హైదరాబాదు ఆఫీసు పనివేళలకు అక్కడ కూర్చుని పనిచేయాలంటే రాత్రంతా మేలుకోవాలి. ఆ రాత్రి కుండపోత వానలో లైను తెగితే యజమానికి ఏం సంజాయిషీ చెప్పాలో వ్యాసకర్త చెప్పలేదు.

నది గురించి మాత్రం తీరికగా రాయాలి, ఎందుకంటే ఊరి క్యాలెండరు అదే. భూమధ్యరేఖకు దక్షిణంగా నాలుగు డిగ్రీల లోపున ఉన్న ఊరు కాబట్టి ఏడాది పొడుగునా ఆరింటికి కాస్త అటూ ఇటూగా తెల్లవారుతుంది, ఆరింటికి కాస్త అటూ ఇటూగా చీకటి పడుతుంది. ఎండాకాలం, చలికాలం అన్న తేడా పెద్దగా లేదు. ఉన్నది నీళ్ళు పెరిగే కాలం, నీళ్ళు తగ్గే కాలం. సంవత్సరాంతం నుంచి పెరుగుతూ ఏప్రిల్, మే నెలలకు నది నిండుగా ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరుకు అడుగంటుతుంది. ఆ రెంటి మధ్య నీటిమట్టంలో తేడా ఎనిమిది, పది మీటర్లు ఉంటుంది, అంటే మూడంతస్తుల ఇంటి ఎత్తు. ఊరికి ఆగ్నేయంగా ఉన్న బెలెన్ పేటలో వేలాది కుటుంబాలు ఈ తేడాతోనే కాపురం చేస్తాయి. కొన్ని ఇళ్ళు తేలికైన టోపా దుంగల తెప్పల మీద కట్టినవి. నీరు పెరిగితే ఇల్లే పైకి లేస్తుంది. మిగతావి ఎత్తైన కర్రల మీద నిలబెట్టినవి. అక్కడ నాకు తెలిసిన ఒక కుటుంబం ఇంట్లో నేల అంటే తాటి జాతికి చెందిన పోనా చెట్టు కాండాన్ని చీల్చి పరచిన బద్దలు. నీళ్ళు బద్దలకు జానెడు దూరంలోకి రాగానే ఇంటాయన, కొడుకులూ కలిసి ఆ బద్దలను విప్పి, ఇంకొంచెం పైన కొత్త దూలం కట్టి మళ్ళీ పరిచేవారు. నది పెరిగినకొద్దీ నేల పెరిగేది, కప్పు దగ్గరయ్యేది. ఉధృతంగా ఉన్న నెలలో ఆ ఇంటావిడ వంగి నడుస్తూ వంట చేసేది. పొయ్యి మీద గిన్నె, దానికి రెండడుగుల దిగువన నది, మధ్యలో బద్దల సందుల్లోంచి కనిపించే చేపపిల్లలు. స్తంభానికి చాకుతో గీసిన గాట్లు ఏ సంవత్సరం ఎంత నీరు వచ్చిందో చెప్పేవి. రికార్డు వరద వచ్చిన 2012 గాటు అన్నిటికన్నా పైన ఉండేది. పసిపిల్లలు నీళ్ళలో పడతారన్న భయం ఆ తల్లుల కళ్ళలో ఎప్పుడూ ఉంటుంది. పర్యాటకులు పడవల్లో తిరుగుతూ ఫొటోలు తీసే 'తేలే ఊరు' ఇదే. మురుగు కూడా ఆ నీళ్ళలోనే తేలుతుందని ఫొటోలో కనబడదు.

పరాయివాళ్ళ వంటిల్లు కూడా ఈ క్యాలెండరుకే లొంగాలి. నీళ్ళు పెరిగినప్పుడు నది అడవిలోకి పారుతుంది, చేపలు చెట్ల మధ్యకు వెళ్ళి రాలిన పండ్లు తింటూ చెదిరిపోతాయి. అందుచేత వరద నెలల్లో వల ఖాళీగా వస్తుంది, అంగడిలో చేప ధర పెరుగుతుంది. నీళ్ళు దిగే నెలల్లో గుంపులు గుంపులుగా చేపలు నదిలోకి తిరిగివచ్చి ఎదురెక్కుతాయి. అప్పుడు పేదవాడి ఇంట్లో కూడా పూటపూటా చేపే. అదే సమయంలో బయటపడిన ఒండ్రు నేలల్లో వరి, చిక్కుడు జాతి గింజలు, పుచ్చకాయలు చల్లుతారు. మన గోదావరి లంకల రైతులకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. బెలెన్ అంగట్లో చేపలమ్మే ఆడవాళ్ళ చేతిపని చూసి తీరాలి. బొకిచికో అనే చేపకు సన్నముళ్ళు లెక్కలేనన్ని. అక్కడ ఒకావిడ దాని పొలుసు తీసి, చేపను చెక్క మీద పక్కకు పెట్టి, తల నుంచి తోక దాకా దారం మందాన గాట్లు పెట్టుకుంటూ పోతుంది, వీపు వరకూ తెగకుండా. ముళ్ళన్నీ పొడిపొడిగా తెగి నూనెలో వేగితే నోటికి తగలవు. నేను కొనేది ఆమె దగ్గరే. పులుపుకు చింతపండు బదులు కొకోనా అనే పండు, కొత్తిమీర వాసన కోసం అక్కడి అడవి ఆకు, కారానికి బఠానీ గింజంత ఉండే పసుపుపచ్చ చరపితా మిరపకాయ. ఇవి దొరికాక చేపల పులుసుకు లోటు లేదు. దేశం నుంచి కట్టుకెళ్ళిన పచ్చళ్ళు ఆ తేమకు బూజుపట్టాయి కానీ, అక్కడి వాళ్ళు తినేది తింటే ఆకలి ఎప్పుడూ సమస్య కాలేదు.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. మన చేపల బజారులో చందువాకు బదులుగా చవకగా అమ్మే రూప్‌చంద్ చేప ఈ నదీప్రాంతానిదే. ఇక్విటోస్‌లో దాన్ని పాకో అంటారు. అడవిలోకి నీరు వెళ్ళినప్పుడు పండ్లు తిని గింజలను దూరదూరాలకు చేర్చే చేప అది. కృష్ణా, గోదావరి చెరువుల్లో పెంచేందుకు పనికొచ్చింది కానీ దాని పుట్టినిల్లు ఆ వరద అడవి. హేచరీలో కార్పు చేపల పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి దానిచేత గుడ్లు పెట్టిస్తారు. మన ఆక్వా రంగంలో పనిచేసినవాళ్ళకు ఆ పద్ధతి బాగా తెలుసు. కొర్రమీనులా పైకొచ్చి గాలి పీల్చుకునే పయిచే అనే మహాకాయపు చేపను కూడా అక్కడ పెంచుతున్నారు. నదుల్లో వేట మితిమీరి తగ్గిపోవడంతో ఏటా కొన్ని నెలలు దాని వేటను నిషేధిస్తారు. నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, ఊరికి ఉపయోగపడే పని ఒకటి చేతిలో ఉంటే అక్కడివాళ్ళు పరాయిమనిషిని త్వరగానే తమలో కలుపుకుంటారు. చెరువు గట్టు మీద నేను నేర్పినదానికన్నా నేర్చుకున్నదే ఎక్కువ.

ఆరోగ్యం విషయంలో వ్యాసం మరీ తేలికగా మాట్లాడింది. అక్కడ ఏటా పడే వాన మన విశాఖలో పడేదానికి రెండున్నర రెట్లకు పైమాటే. ఊరికి తాగునీరు నానాయ్ నది నుంచి వస్తుంది. చాలా పేటల్లో కుళాయి కొద్ది గంటలే వస్తుంది కాబట్టి ప్రతి ఇంట్లో డ్రమ్ముల్లో నీళ్ళు పట్టి ఉంచుతారు, వాటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. పెరూకు డెంగీ మళ్ళీ వచ్చింది 1990లో, అదీ ఇక్విటోస్ ద్వారానే. నాకూ వచ్చింది. జ్వరంతో మంచం పట్టిన వారమంతా ఇంటి యజమానురాలే పూటపూటా చేపల చారు కాచి తెచ్చి, మా వాళ్ళకు ఫోను కలిపి పెట్టి, రక్తపరీక్షకు బండి మాట్లాడింది. వచ్చీరాని స్పానిష్‌లో నేను ధన్యవాదాలు చెబితే ఆవిడ కసురుకుంది. జబ్బు ముదిరితే లిమాకు విమానంలో తరలించడం తప్ప దారి లేని ఊళ్ళో, గుమ్మం తట్టి అడిగే పొరుగువాళ్ళు లేకపోతే ఎవరికైనా దిక్కులేదు. భారత రాయబార కార్యాలయం కూడా లిమాలోనే ఉంది.

2020 మే నెలలో ఆ ఊరు పడ్డ యాతన మన పాఠకులకు తెలిసి ఉండకపోవచ్చు. నేను అప్పటికే తిరిగి వచ్చేశాను; ఆ రోజుల్లో ఫోనులో మా ఇంటి యజమానురాలి గొంతు వినడమే కష్టంగా ఉండేది. కరోనా రోగులకు సరిపడా ఆక్సిజన్ తయారుచేసే సామర్థ్యం ఊళ్ళో లేదు. సిలిండర్లు లిమా నుంచి విమానాల్లో రావాలి. ధరలు సామాన్యులకు అందకుండా పోయాయి, జనం సిలిండరు పట్టుకుని రాత్రంతా వరసల్లో నిలబడ్డారు. చివరికి చర్చి ఫాదర్లు ప్రజలనుంచి విరాళాలు పోగుచేసి ఆక్సిజన్ ప్లాంటు తెప్పించారు. మరుసటి ఏడాది 2021 ఏప్రిల్ 22న మన విశాఖ ఉక్కు కర్మాగారంలో ఏడు ట్యాంకర్లలో ద్రవ ఆక్సిజన్ నింపుకుని మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మహారాష్ట్రకు బయలుదేరినప్పుడు, ఊరంతా గర్వపడుతుంటే, నాకు ఆ ఊరే గుర్తుకొచ్చింది. ఆక్సిజన్ చేసే కర్మాగారమూ, మోసుకెళ్ళే రైలు పట్టాలూ రెండూ ఉన్న ఊరు మనది. అంతటి కర్మాగారమూ, రైలూ లేని చోట ఒక విదేశీయుడు సరదాకు వెళ్ళి జబ్బుపడితే, అతను వాడుకునే పడక, అతను పీల్చే సిలిండరు స్థానికుల వాటాలోంచి తీసినవే అవుతాయి.

అయితే రోడ్డు లేని చోట్లకు వైద్యం ఎలా చేర్చాలో ఆ దేశం కొంత నేర్చుకుంది, అది మనకూ పనికొస్తుంది. 2013 నుంచి పెరూ నౌకాదళం నదుల మీద ప్రత్యేక ఓడలు నడుపుతోంది. డాక్టరు, పంటి వైద్యుడు, గుర్తింపు కార్డులు ఇచ్చే సిబ్బంది, బ్యాంకు కౌంటరు అన్నీ ఒకే ఓడలో నదీతీర గ్రామాలకు వెళతాయి. మొదటి ఓడలను ఇక్విటోస్ యార్డులోనే కట్టారు. పాడేరు ఏజెన్సీలో గర్భిణులను డోలీలో మోసుకొచ్చే వార్తలు మీ పత్రికే ఎన్నోసార్లు ప్రచురించింది. రోడ్డు వేసేదాకా ఆగకుండా ప్రభుత్వమే మనిషి దగ్గరికి వెళ్ళే ఈ ఏర్పాటు మీద ఒక వివరమైన వ్యాసం వేస్తే ఎంతో మేలు జరుగుతుంది.

అయవాస్కా గురించి వ్యాసకర్త రాసిన పేరా నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది. అడవి తీగనూ ఆకులనూ కలిపి కాచే ఆ కషాయాన్ని ఆయన సర్వరోగ నివారిణిలాగా, విహారయాత్రలో ఒక అంశంలాగా చెప్పారు. ఆదివాసీ సముదాయాలకు అది వైద్యం, ఆరాధన. దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానాన్ని పెరూ ప్రభుత్వం 2008లో జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. ఇప్పుడు ఇక్విటోస్ చుట్టుపక్కల విదేశీయులు నడిపే కేంద్రాలు అనేకం వెలిశాయి, స్థానికులకు వాటిలో ఎక్కువగా దక్కేది వంటపనీ పడవపనీ. మానసిక కుంగుబాటుకు మన దగ్గర డాక్టర్లు రాసే కొన్ని మందులు వాడుతున్నవాళ్ళు ఆ కషాయం తాగితే ప్రాణం మీదికి రావచ్చు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకూ ప్రమాదమే. మనసు బాగోలేక దూరం పోవాలనుకునే కుర్రవాళ్ళే అలాంటి వ్యాసాలు చదివి కదులుతారు. మీరు తల్లిదండ్రులూ చదివే పత్రిక నడుపుతున్నారు. ఆ పేరాకు సవరణ వేయండి.

వెళ్ళాలనుకునేవారు కాగితాల సంగతి కూడా ముందే చూసుకోవాలి. పర్యాటక వీసా మీద వెళ్ళి గడువు దాటాక కూడా ఉండిపోదామనుకోవడం తప్పు. నివాసం ఉండేవారు విదేశీయుల గుర్తింపు కార్డు తీసుకోవాలి, అది లేకుండా బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె ఒప్పందం సాగవు. ఇంగ్లీషుతో ప్రధాన కూడలి చుట్టూ ఉన్న హోటళ్ళలో నెట్టుకురావచ్చు గానీ ఆసుపత్రిలో, అంగట్లో, లాంచీ రేవులో స్పానిష్ రావాలి. భాష నేర్చుకుని వెళ్ళడం ఆ ఊరికి మనమిచ్చే కనీస మర్యాద.

ఆ ఊరివాళ్ళు ఇప్పుడు దేనికోసం పోరాడుతున్నారో కూడా తెలుసుకుని వెళితే మంచిది. తాగునీరిచ్చే నానాయ్ నదిలో దొంగచాటుగా బంగారం తవ్వేవాళ్ళు పాదరసం కలుపుతున్నారు. అది చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి చేరుతుంది. ఎగువన మరాన్యోన్ నదీప్రాంతంలో ముడిచమురు పైపులైను పగిలి గ్రామాల నీళ్ళు పాడైన సందర్భాలున్నాయి, కునినికో గ్రామం దగ్గర 2014లోనూ 2022లోనూ అదే జరిగింది. కుకామా తెగ ఆడవాళ్ళ సమాఖ్య ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడి, మరాన్యోన్ నదికి స్వయంగా హక్కులున్నాయని 2024 మార్చిలో నౌతా కోర్టు చేత తీర్పు చెప్పించుకుంది. ఆ సమాఖ్యకు నాయకత్వం వహించిన మారి లుజ్ కనాకిరి మురయారికి 2025లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. కాలుష్యం మీద ఏళ్ళుగా గొంతెత్తుతున్న విశాఖలో ఈ వార్త మొదటి పేజీలో రావలసింది. సూర్యాస్తమయం ఫొటోలకు ఇచ్చిన స్థలంలో సగం ఈ ఆడవాళ్ళకు ఇచ్చినా నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

చివరగా, వ్యాసంలో బొత్తిగా లేని ఒక అత్యవసర సమాచారం. అమెజాన్ ప్రాంతంలో దోమకాటుతో వచ్చే ఎల్లో ఫీవర్ అనే జ్వరం ఉంది. పెరూ నుంచి భారతదేశానికి తిరిగి వచ్చేవారి దగ్గర ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం ఉండాలి. లేకపోతే విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల వరకూ క్వారంటైన్‌లో ఉంచుతారు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది కాబట్టి ప్రయాణానికి ముందే వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. ఇందుకోసం హైదరాబాదు, చెన్నై పరుగెత్తనక్కర్లేదు, విశాఖలోని పోర్టు హెల్త్ ఆర్గనైజేషన్ ఈ టీకా కోసం కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో ఒకటి. ముందుగా వాకబు చేసుకుని, పాస్‌పోర్టు వెంట తీసుకుని వెళ్ళాలి. ఉత్తరమంతా వేయడానికి చోటు లేకపోతే ఈ ఒక్క పేరా అయినా వచ్చే ఆదివారం అనుబంధంలో ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెదవాల్తేరు, విశాఖపట్నం